కొండమీదికి ఎందరు వెళ్లాలో వాతావరణమూ నిర్ణయించాలి

2024 ఆగస్టులో తిరుమల తిరుపతి దేవస్థానం భక్తులనూ, కొండమీద కాపురముండే వాళ్లనూ నీళ్లు పొదుపుగా వాడుకోమని కోరింది. గోగర్భం, ఆకాశగంగ, పాపవినాశనం, కుమారధార, పసుపుధార జలాశయాల మొత్తం సామర్థ్యం 14,304 లక్షల గ్యాలన్లయితే, అప్పటికి వాటిలో మిగిలింది 5,800 లక్షల గ్యాలన్లు. తిరుమలలో రోజుకు ఖర్చయ్యేది 43 లక్షల గ్యాలన్లు, అంటే దాదాపు రెండు కోట్ల లీటర్లు. ఉన్న నీళ్లు 120, 130 రోజులకు మించి రావని లెక్క తేలింది. బ్రహ్మోత్సవాలు ముందున్నాయి. రెండు నెలలు తిరిగేసరికి అదే దేవస్థానం మరోరకం ప్రకటన చేయాల్సి వచ్చింది. బంగాళాఖాతంలో అల్పపీడనం వల్ల భారీ వర్షాలు పడతాయన్న హెచ్చరికతో అక్టోబరు 16న వీఐపీ బ్రేక్ దర్శనాలు రద్దు చేసింది, 17న శ్రీవారి మెట్టు నడకదారిని మూసేసింది. డిసెంబరు మొదట్లో ఫెంగల్ తుపాను వానలకు ఘాట్ రోడ్డు మీద బండరాళ్లు జారాయి, పాపవినాశనం, శిలాతోరణం దారులు మూతపడ్డాయి. ఐదు నెలలలోపే ఒకే కొండ ఒకసారి నీళ్లు చాలక, రెండుసార్లు నీళ్లు ఎక్కువై సతమతమైంది.

కొండ ప్రాంతాల పర్యాటకం మీద వాతావరణ మార్పు ప్రభావం అనగానే ప్రపంచంలో చర్చంతా మంచు చుట్టూ తిరుగుతుంది. ఆల్ప్స్‌లో మంచు పడక స్కీయింగ్ కేంద్రాలు యంత్రాలతో మంచు తయారు చేసుకుంటున్నాయి. బొలీవియాలో చకల్టాయా హిమానీనదం 2009 నాటికి పూర్తిగా కరిగిపోయింది. మన కొండల మీద మంచు లేదు కాబట్టి ఆ గొడవ మనది కాదనుకుంటే పొరపాటు. సముద్ర మట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉన్న తిరుమలకు ఏటా రెండున్నర కోట్ల మంది వస్తున్నారు. ప్రపంచంలోని పేరున్న కొండ విడిదులలో చాలావాటికి ఇందులో పదోవంతు జనం కూడా రారు. వాళ్లు యాత్రికులు, పర్యాటకులు కారు అనే అభ్యంతరం సరైనదే. కానీ గుండు దొర్లిపడేటప్పుడు కింద ఉన్నది యాత్రికుడా, పర్యాటకుడా అన్న తేడా చూడదు. తాగే నీళ్లకూ, ఎక్కే దారికీ, నిలబడే నీడకూ సంబంధించినంతవరకు ఇద్దరి అవసరం ఒకటే. తలకోన, కైలాసకోన, నాగలాపురం కొండలు, ఉబ్బలమడుగు, హార్స్‌లీ హిల్స్ కూడా కలుపుకుంటే, పాత చిత్తూరు జిల్లా బతుకుదెరువులో పెద్ద భాగం కొండల మీదికి వచ్చే జనంతోనే ముడిపడి ఉంది. అందుకే ఇక్కడ వాతావరణ మార్పు పర్యావరణవేత్తల చర్చాంశంగా మిగిలిపోకూడదు. కొండ ఎక్కే మనుషుల సంఖ్యనూ, ఎక్కే రోజునూ, గంటనూ నిర్ణయించే పాలనా విషయం కావాలి.

ముందుగా శాస్త్రం చెప్పేదేమిటో చూద్దాం. కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో ప్రచురించిన అంచనా ప్రకారం 1901 నుంచి 2018 వరకు దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది. 1951 నుంచి 2015 వరకు ఉష్ణమండల హిందూ మహాసముద్రపు ఉపరితలం సగటున ఒక డిగ్రీ వేడెక్కింది. మనకు ఈ రెండో సంఖ్యే ఎక్కువ ముఖ్యం. చిత్తూరు, తిరుపతి ప్రాంతానికి ఏడాదిలో పడే 900 మిల్లీమీటర్ల పైచిలుకు వానలో దాదాపు సగం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో, బంగాళాఖాతపు వాయుగుండాలతో వస్తుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. వెచ్చని సముద్రం మీద అంత ఆవిరిని నింపుకున్న మేఘాలకు తీరం దాటాక ఎదురయ్యే ఎత్తైన అడ్డు నగరి కొండలు, శేషాచలమే. ఫలానా రోజు పడిన వాన భూతాపం వల్లనే పడిందని ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు, చెప్పకూడదు కూడా. అయితే వాన పడే రోజులు తగ్గి, పడిన రోజున కుండపోతగా పడే అవకాశం పెరుగుతుందన్న దాంట్లో శాస్త్రజ్ఞుల మధ్య పెద్ద తగాదా లేదు. కరువు సీమలో ఆ మార్పుకు అర్థం ఒక్కటే: ఎండు రోజులు మరింత ఎండుతాయి, తడి రోజులు మరింత ప్రమాదకరమవుతాయి.

ఆ తడి రోజు ఎలా ఉంటుందో 2021 నవంబరు చూపించింది. నవంబరు 18, 19 తేదీలలో కురిసిన వానకు రెండు ఘాట్ రోడ్లూ మూతపడ్డాయి. అలిపిరి మెట్ల మీద నీళ్లు వాగులా పారాయి. శ్రీవారి మెట్టు దారి చాలాచోట్ల కొట్టుకుపోయి, మళ్లీ తెరుచుకునేసరికి 2022 మే వచ్చింది. డిసెంబరు 1న, వాన తెరిపిచ్చాక, కొండపైకి వెళ్లే రెండో ఘాట్ రోడ్డు మీద పెద్ద గుండ్లు పడి రోడ్డు అనేకచోట్ల ధ్వంసమైంది. ఐఐటీ నిపుణులను పిలిపించాల్సి వచ్చింది. వాన ఆగిన తర్వాత పడ్డాయన్న విషయం గమనించాలి. తిరుమల కొండల అడుగున సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు ఉంది, దానిమీద 160 కోట్ల ఏళ్ల నాటి క్వార్ట్‌జైట్ పొరలున్నాయి. ఆ రెండు రాళ్లూ కలిసే గీత ఘాట్ రోడ్డు పక్కనే కనిపిస్తుంది. శిలాతోరణం లాగే దానినీ జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించారు. క్వార్ట్‌జైట్ చాలా గట్టి రాయి. కానీ నిలువునా, అడ్డంగా పగుళ్లతో దిమ్మెలుగా విడిపోయి ఉంటుంది. ఆ పగుళ్లలోకి దిగిన నీరు రోజుల తరబడి లోపలే ఉండి ఒత్తిడి పెంచుతుంది. చెట్ల వేర్లు పగులును వెడల్పు చేస్తాయి. రోడ్డు కోసం కింద కోసిన చోట దిమ్మెకు ఆనిక ఉండదు. కాబట్టి వాన తగ్గింది, ఎండ కాసింది, ఇక దారి తెరవవచ్చు అనుకునే రోజే ఒక్కోసారి ఎక్కువ ప్రమాదం ఉన్న రోజు.

కొండమీద పడిన నీరు కొండమీదే ఆగదు. ఆ 2021 నవంబరు వానలో కపిలతీర్థం, మాల్వాడి గుండం మీదుగా దూకిన నీళ్లు తిరుపతి నగరంలో వీధులను ముంచాయి. కపిలేశ్వరస్వామి ఆలయ ప్రాంగణంలోని మండపం దెబ్బతింది. స్వర్ణముఖి పొంగింది. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు గండి పడుతుందన్న భయంతో ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించారు. అంతకు నెల ముందే, అక్టోబరు వానలో, వెస్ట్ చర్చి దగ్గరి రైల్వే అండర్ బ్రిడ్జి కింద నీళ్లలో వాహనం చిక్కుకుని ఒక యువతి ప్రాణం పోయింది. తిరుమలకు వచ్చేవారిలో ఎక్కువమంది కనీసం కొన్ని గంటలైనా తిరుపతిలో గడుపుతారు. లాడ్జీలు, బస్టాండు, రైల్వే స్టేషను, టోకెన్లిచ్చే కేంద్రాలు అన్నీ కొండ పాదాల దగ్గర, ఒకప్పుడు వంకలు, గుంటలు, చెరువులు ఉన్న నేల మీదే ఉన్నాయి. కాబట్టి కొండమీద ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా, కింద నీళ్లు పోయే దారి లేకపోతే యాత్ర సురక్షితం కాదు.

ఎండు రోజుల సంగతి ఇంత కొట్టొచ్చినట్టు కనబడదు, కానీ నా దృష్టిలో దీర్ఘకాలంలో అదే పెద్ద సమస్య. తిరుమల నీళ్లలో రోజుకు 18 లక్షల గ్యాలన్లు కొండమీది జలాశయాల నుంచి వస్తే మిగతాది కింద కళ్యాణి డ్యాం నుంచి ఎక్కిస్తారు. ఈ రెండూ నిండేది ఒకే వాన వల్ల. అది తప్పితే రెండూ తప్పుతాయి. అప్పుడు తెలుగుగంగ వైపు చూడాలి, అంటే ఎక్కడో కృష్ణలో పడే వాన మీద ఆధారపడాలి. మరి జనం ఎప్పుడు వస్తారు? బడులకు సెలవులిచ్చే మే, జూన్‌లలో, ఆపైన బ్రహ్మోత్సవాలకు. ఈశాన్య రుతుపవనాలు రాకముందు, జలాశయాలు అడుగంటే నెలలే అవి. మైదానంలో ఎండ ముదిరేకొద్దీ కొండకు పోదామనుకునే వాళ్లు ఇంకా పెరుగుతారు. తిరుపతిలో మే నెలలో 42, 43 డిగ్రీలు కొత్త కాదు. కొండమీద నాలుగైదు డిగ్రీలు తక్కువగా ఉన్నా, వట్టి కాళ్లతో మాడ వీధుల్లో నడిచే ముసలివాళ్లకు, పసిపిల్లలను ఎత్తుకుని క్యూలో నిలబడే తల్లులకు అది పెద్ద ఊరట కాదు. దేవస్థానం చలువ పందిళ్లు వేస్తోంది, వీధులకు వేడిని తిప్పికొట్టే తెల్ల రంగు పూయిస్తోంది, క్యూలలో మజ్జిగ, నీళ్లు ఇస్తోంది. ఇవి మంచి పనులు. అయితే నీడ ఎంత పరిచినా దాని కింద పట్టే మనుషులకు ఒక లెక్క ఉంటుంది.

మూడోది మంట. 2014 మార్చిలో శేషాచలం అడవి రగిలి రోజుల తరబడి ఆరకపోతే వాయుసేన హెలికాప్టర్లతో నీళ్లు చల్లించాల్సి వచ్చింది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఆకు రాలి, బోద గడ్డి ఎండి ఉండే ఈ అడవికి ఒక్క బీడీ ముక్క చాలు. ఈ కొండల మీద ఎర్రచందనం ఉంది, ఇంకెక్కడా దొరకని మొక్కలు, జీవులు ఉన్నాయి. అందుకే 1989లో శ్రీవేంకటేశ్వర జాతీయ వనాన్ని, 2010లో 4,755 చదరపు కిలోమీటర్ల శేషాచలం జీవావరణ ప్రాంతాన్ని ప్రకటించారు. అయితే మంట నష్టం చెట్లతో ఆగదు. గడ్డి, ఆకు, పొదలు కాలిపోయిన వాలు మీద తర్వాత పడే తొలి పెద్ద వాన మట్టిని ఒలుచుకుపోతుంది. ఆ మట్టి జలాశయాల్లో పూడికగా చేరి వాటి సామర్థ్యాన్ని తగ్గిస్తుంది. మట్టి పోయిన చోట గుండ్లు పట్టు తప్పుతాయి. ఎండాకాలపు మంట, వానాకాలపు కొండచరియ, మరుసటి ఏడాది నీటి ఎద్దడి ఒకే గొలుసులోని లంకెలు. అటవీ శాఖ ఒక లంకెను, ఇంజనీరింగ్ విభాగం మరో లంకెను, నీటి విభాగం ఇంకోదాన్ని విడివిడిగా పట్టుకుంటే గొలుసు తెగదు.

ఇంతవరకు చెప్పినవన్నీ కలిపి చూస్తే ఒక సంగతి తేలుతుంది. కొండ మోయగలిగే భారం రోజూ ఒకేలా ఉండదు. వాన, నీటి నిల్వ, ఎండ, అడవి పొడిదనం బట్టి అది పెరుగుతుంది, తగ్గుతుంది. మన ఏర్పాట్లు మాత్రం ఆ భారం ఎప్పుడూ పెరగగలదనే నమ్మకం మీద నడిచాయి. 1944లో మొదటి ఘాట్ రోడ్డు వచ్చేదాకా కొండెక్కేవాళ్ల సంఖ్యను కాళ్ల సత్తువ, డోలీ మోసేవాళ్ల భుజాలు నిర్ణయించేవి. 1974లో రెండో రోడ్డు వచ్చాక ఆ హద్దు పూర్తిగా పోయింది. ఆ తర్వాత సంఖ్యను నిర్ణయించినవి క్యూ కాంప్లెక్సులు, గదులు, గంటకు ఎందరిని గర్భాలయం ముందు నుంచి పంపగలమన్న లెక్కలు. కొండ వైపు నుంచి లెక్క కట్టడం అన్నది ఎప్పుడూ జరగలేదు.

చేయాల్సిన మొదటి పని ఆ లెక్కను టికెట్లలోకి తేవడం. మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదలవుతాయి. ఆ రోజు కొండ ఎలా ఉంటుందో మూడు నెలల ముందు ఎవరికీ తెలియదు. కాబట్టి కోటా మొత్తాన్ని ముందే ఇచ్చేయకుండా, ప్రమాద కాలమైన అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో ఒక భాగాన్ని ఆపి ఉంచి, వాతావరణ శాఖ ఐదు రోజుల అంచనా చూశాక విడుదల చేయవచ్చు. నారింజ, ఎరుపు హెచ్చరికలున్న రోజు టికెట్ దానంతట అదే మరో తేదీకి మారే నియమం ఉండాలి. ఇది వింత ఆలోచనేమీ కాదు. 2021 నవంబరు వరదలప్పుడు రాలేకపోయిన టికెట్‌దారులకు ఆరు నెలల్లోపు మరో తేదీన దర్శనం చేసుకునే వీలు దేవస్థానమే కల్పించింది. ఆపద వచ్చాక దయతో ఇచ్చిన ఆ సౌకర్యాన్ని ఆపదకు ముందే హక్కుగా ప్రకటిస్తే, టికెట్ పోతుందన్న భయంతో వానలో ఘాట్ ఎక్కే కుటుంబాలు ఇంటిపట్టున ఉంటాయి. ఎనిమిది వందల కిలోమీటర్ల నుంచి రైలు టికెట్లు, గది, సెలవులు అన్నీ కుదుర్చుకుని బయలుదేరిన మనిషిని ధైర్యం చేయకు అని నోటితో చెబితే వినడు. నష్టం లేదని రాతపూర్వకంగా చెబితే వింటాడు.

రెండోది, దారులు ఎప్పుడు మూయాలి, ఎప్పుడు తెరవాలి అన్నదానికి అందరికీ తెలిసిన కొలత. కొండమీద, ఘాట్ రోడ్ల వెంట, నడకదారుల పక్కన వానమాపకాలు పెట్టి, ఇన్ని గంటల్లో ఇన్ని మిల్లీమీటర్లు పడితే మెట్ల దారి మూత, ఇంత దాటితే ఘాట్ మూత, వాన ఆగాక రాళ్లను పరిశీలించి ఇన్ని గంటల తర్వాతే తెరవడం అని ముందే ప్రకటించాలి. 2024 అక్టోబరులో ముందుగానే దారి మూయడం సరైన నిర్ణయం. అయితే అది ఆ రోజు కుర్చీలో ఉన్న అధికారుల వివేకం మీద నడిచింది. ఇంకో అధికారి, ఇంకో రద్దీ, ఇంకో ఒత్తిడి ఉన్నప్పుడు ఏమవుతుంది? 2025 ఆగస్టు 26న జమ్మూలో వైష్ణోదేవి నడకదారిపై, అర్ధకువారి దగ్గర, భారీ వర్షాల మధ్య కొండచరియ విరిగిపడి ముప్పై మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత ప్రశ్నలన్నీ యాత్రను ఎప్పుడు ఆపారు, దారిలో ఇంకా జనం ఎందుకున్నారు అన్నదాని గురించే. ఆ ప్రశ్నలకు ప్రమాదం తర్వాత జవాబు వెతుక్కోవలసిన స్థితి తిరుపతికి రాకూడదు. నీళ్లకూ ఇలాంటి కొలతే కావాలి: జలాశయాలు సగం కంటే తగ్గితే కొండమీద రాత్రి బస తగ్గించాలి, నలభై శాతానికి పడితే ఇంకా తగ్గించాలి. దర్శనం చేసుకుని దిగిపోయే మనిషికి అయ్యే నీటి ఖర్చు కంటే గదిలో రాత్రి ఉండే మనిషికి అయ్యేది చాలా ఎక్కువ.

దేవుడి దగ్గరికి వచ్చేవాళ్లను లెక్క కట్టి ఆపడమేమిటి, కాపాడేవాడు ఆయనే కదా అని చాలామంది అంటారు. ఈ మాట వెనకున్న భక్తిని గౌరవిస్తూనే చెప్పాలి: లెక్క ఇప్పటికే ఉంది. స్లాట్లు, టోకెన్లు, కంపార్ట్‌మెంట్లు, వేసవి రద్దీలో సిఫార్సు లేఖలు ఆపడం, ఇవన్నీ సంఖ్యను అదుపు చేసేవే. పైగా ఈ కొండల సంప్రదాయంలోనే కాలానికి లోబడటం ఉంది. రామకృష్ణ తీర్థం ముక్కోటి పుష్యంలో, కుమారధార ముక్కోటి మాఘంలో, తుంబురు తీర్థం ముక్కోటి ఫాల్గుణ పౌర్ణమికి. ఆ లోతట్టు అడవి తీర్థాలకు జనం గుంపుగా వెళ్లేది ఏడాదిలో ఆ రోజులకే. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు తుంబురు తీర్థానికి నడవవద్దని దేవస్థానమే చెబుతుంది. ఎవరూ దాన్ని భక్తికి అడ్డుగా చూడరు. ఫాల్గుణం అంటే అడవి ఎండిపోయి ఉండే కాలం కాబట్టి, తిథిని ముట్టుకోకుండానే, ఆ నడకను తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించడం, మనుషుల సంఖ్యకు పరిమితి పెట్టడం, వెంట అగ్గిపెట్టె లేకుండా చూడటం కూడా అదే సంప్రదాయంలో ఇమిడిపోతాయి.

ఇంజనీరింగుతో అన్నిటినీ పరిష్కరించవచ్చనే వాదన మరింత బలమైనది. గుండ్లకు ఇనుప కడ్డీలు దిగ్గొట్టండి, వాలుకు ఉక్కు వలలు కట్టండి, నీళ్లు పోవడానికి కాలువలు తవ్వండి, అవసరమైతే మూడో దారి వేయండి అంటారు. కడ్డీలు, వలలు, కాలువలు తప్పకుండా కావాలి. అందులో పిసినారితనం పనికిరాదు. మూడో దారి విషయంలోనే నా అభ్యంతరం. 2021 డిసెంబరులో రోడ్డు తెగిన తర్వాత, కడప వైపు నుంచి అన్నమయ్య మార్గాన్ని అభివృద్ధి చేయాలన్న ఆలోచన దేవస్థానం ముందుకు తెచ్చింది. ఒక దారి మూసుకుపోతే ఇంకోటి ఉంటుందన్నది అందులోని మంచి ఉద్దేశం. కానీ అదే తుపాను అదే రోజు అదే రాయి మీద కురుస్తుంది. జాతీయ వనం గుండా కొత్తగా కోసే ప్రతి వాలూ కొత్తగా ఆనిక పోగొట్టుకున్న వాలే. పైగా మూడో దారి వచ్చాక అది అత్యవసరానికే ఉండదు, మామూలు రోజుల్లోనూ ఇంకొన్ని వేల వాహనాలను పైకి తెస్తుంది. పైన జలాశయాలు మాత్రం అవే. పాత కాలిబాటను కాలిబాటగానే, అంబులెన్సుకు, సహాయ బృందాలకు పనికొచ్చేలా బాగుచేయడం వేరు, రోడ్డుగా మార్చడం వేరు. వాహనాల విషయంలో 2022 నుంచి నడుస్తున్న ఎలక్ట్రిక్ బస్సులు సరైన దిక్కును చూపుతున్నాయి. వాటి సంఖ్య పెంచి, సొంత కార్లను అలిపిరి దగ్గరే ఆపితే, హెచ్చరిక వచ్చిన గంటలో ఘాట్‌ను ఖాళీ చేయించడం తేలికవుతుంది. వెయ్యి కార్లకు సమాచారం చేరవేయడం కంటే యాభై బస్సులకు చెప్పడం సులభం.

సంఖ్య తగ్గితే మా పొట్ట మీద కొట్టినట్టే అనే మాట తిరుపతిలో జీపు డ్రైవర్లు, లాడ్జీలు, పూలు, టెంకాయలు, బొమ్మలు అమ్మేవాళ్ల నుంచి వస్తుంది. కొట్టిపారేయదగిన మాట కాదది. ఏ రోజు సరుకు తెస్తే ఆ రోజు అమ్ముకునే మనుషులు వాళ్లు. అయితే వాళ్లను నిలువునా ముంచేది ముందు చెప్పకుండా వచ్చిపడే మూత. శ్రీవారి మెట్టు ఐదు నెలలకు పైగా మూతపడినప్పుడు ఆ దారి మొదట్లో చిన్న అంగళ్లు పెట్టుకున్నవాళ్లకు ఏ ప్రత్యామ్నాయమూ లేదు. ముందే తెలిసిన తగ్గింపు వేరు: కొండ మీదికి వెళ్లడం వాయిదా పడిన రోజున యాత్రికుడిని తిరుచానూరు, గోవిందరాజస్వామి గుడి, అప్పలాయగుంట, నారాయణవనం, చంద్రగిరి కోట, శ్రీకాళహస్తి, కాణిపాకం వైపు బస్సులు పెట్టి తిప్పితే ఆ ఖర్చు పాత చిత్తూరు జిల్లాలోనే ఉంటుంది. వరద హెచ్చరిక ఉన్నరోజు స్వర్ణముఖి ఒడ్డున తిప్పమని కాదు, ఎండ, నీటి ఎద్దడి వల్ల తగ్గించిన రోజుల సంగతి ఇది. నిజంగా అన్నీ మూసిన రోజులకు మాత్రం చిరు వ్యాపారులకు, రోజు కూలీలకు భత్యం ఇచ్చే నిధి ఉండాలి. ఇంత రాబడి ఉన్న క్షేత్రానికి, దాని చుట్టూ పన్నులు వసూలు చేసుకునే ప్రభుత్వానికి అది మోయలేని భారం కాదు.

ఇక, సీమలో కరువు ఎప్పుడూ ఉన్నదే, తుపాన్లూ ఉన్నవే, దీనికి భూతాపం పేరెందుకు అనేవారున్నారు. కరువు పాతదే. 2015 నవంబరులోనూ ఘాట్ మీద గుండ్లు పడ్డాయి. అంతమాత్రాన చేయాల్సిన పనులు మారవు. వాన కొలతలు, నీటి కొలతలు, మార్చుకోగల టికెట్లు భూతాపం లేకపోయినా అవసరమే. భూతాపం ఉంది కాబట్టి అవి వాయిదా వేయలేనివి అయ్యాయి. వందేళ్లకోసారి వచ్చే వాన అని 2021లో ఊరట చెప్పుకున్నవాళ్లు ఆ తర్వాత 2023లో మిచౌంగ్ తుపానును, 2024లో అక్టోబరు వానలను, ఫెంగల్‌ను చూశారు.

తిరుమలకు దేవస్థానం ఉంది, డబ్బుంది, యంత్రాంగముంది. మిగతా కొండలకు అవి కూడా లేవు. తలకోనలో 270 అడుగుల ఎత్తు నుంచి దూకే జలపాతం వేసవిలో సన్నబడుతుంది, తుపాను రోజు ప్రాణాలు తీసేంత ఉద్ధృతంగా పడుతుంది. నాగలాపురం కొండల్లోకి, ఉబ్బలమడుగుకు వారాంతాల్లో చెన్నై నుంచి కుర్రవాళ్లు ట్రెక్కింగ్‌కు వస్తారు. పైన ఎక్కడో పడిన వానకు మడుగు నిమిషాల్లో పొంగుతుందని వాళ్లకు తెలియకపోవచ్చు. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లినవాళ్లు కార్చిచ్చులో చిక్కుకుని ఇరవై మందికి పైగా చనిపోయారు. మన అడవులూ ఆ నెలలో అంతే పొడిగా ఉంటాయి. మదనపల్లె దగ్గర 1,265 మీటర్ల ఎత్తున ఉన్న హార్స్‌లీ హిల్స్‌కు, అంటే పాతవాళ్ల ఏనుగు మల్లమ్మ కొండకు, బెంగళూరు నుంచి వచ్చే జనం వేసవిలోనే ఎక్కువ. చిన్న కొండ, చిన్న నీటి ఆధారాలు. అక్కడ ఇంకా రిసార్టులు కట్టే ముందు, ఉన్న నీళ్లు ఎందరికి చాలుతాయో ఒక్కసారి కొలిచి బహిరంగంగా చెప్పాలి. నీలగిరి, కొడైకెనాల్‌లలో మద్రాస్ హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఈ-పాస్ వచ్చింది. 2025 వేసవిలో రోజుకు ఇన్ని వాహనాలేనని పరిమితి కూడా పెట్టారు. అక్కడ కోర్టు పూనుకుంటే గాని జరగని పనిని ఇక్కడ ప్రభుత్వం తనంతట తాను చేయవచ్చు.

దీర్ఘకాలంలో ఈ కొండలను కాపాడేది అడవే. తిరుమల కొండల్లో పచ్చదనాన్ని 68 శాతం నుంచి 80 శాతానికి పెంచాలని దేవస్థానం తలపెట్టడం సంతోషం. అయితే శాతం కంటే ఏ చెట్టు అన్నది ముఖ్యం. ఒకప్పుడు తొందరగా పచ్చబడతాయని నాటిన అకేసియా తోటల కింద గడ్డి కూడా సరిగా మొలవదు. వాటి స్థానంలో ఈ రాతికి, ఈ ఎండకు అలవాటుపడిన ఎర్రచందనం, మద్ది, నేరేడు, మోగి లాంటి చెట్లు రావాలి. అవి నెమ్మదిగా పెరుగుతాయి, ఫొటోకు త్వరగా అందవు, కానీ మట్టిని పట్టుకుని నీటిని లోపలికి దింపుతాయి. కింద తిరుపతి చుట్టూ మిగిలిన చెరువులను పూడిక తీసి, వాటి మరవలను, వంకలను ఆక్రమణల నుంచి విడిపించడమూ ఈ పనిలో భాగమే. వరద రోజున నగరాన్ని, కరువు రోజున భూగర్భ జలాన్ని కాపాడేవి అవే.

వచ్చే ఈశాన్య రుతుపవనాలకు ముందే దేవస్థానం, అటవీ శాఖ, వాతావరణ శాఖ, నగరపాలక సంస్థ ఒకచోట కూర్చుని దారులు మూసే కొలతలను, నీటి మట్టం బట్టి బస తగ్గించే నియమాన్ని, టికెట్ మార్పిడి హక్కును రాసి ప్రకటించాలి. ఇందులో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు. కొండకు వచ్చే ప్రతి కుటుంబాన్నీ కోరేది ఒక్కటే: బయలుదేరే ముందు దర్శనం సమయంతోపాటు వాతావరణ హెచ్చరికనూ చూసుకోండి, ఎరుపు హెచ్చరిక ఉంటే ప్రయాణాన్ని వాయిదా వేసుకోండి, కొండమీద ఉన్నన్నాళ్లూ నీళ్లు కరువు సీమ నీళ్లని గుర్తుపెట్టుకుని వాడండి.